గుట్టెక్కిన రోము పాఠం

నారాయణఖేడ్ వెళ్లొచ్చానంటే మా బాపట్లలో చాలామంది అదెక్కడుందని అడిగారు. మా వీధి చివరి రిటైర్డు ఇంజనీరు గారొక్కరే ఎందుకు వెళ్లావమ్మా అన్నారు. అక్కడ రోము చరిత్ర చదువుకునే రైతులూ కూలివాళ్లూ ఉన్నారు, వాళ్లని చూడ్డానికి వెళ్లానని చెప్పాను. ఆయన ఇంకేమీ అడగలేదు. సాయంత్రం మా ఆయన్ని దారిలో ఆపి, ఆవిణ్ణి కాస్త కనిపెట్టుకుని ఉండండని మాత్రం చెప్పారట. కనిపెట్టుకోండి, నాకేం భయం! నేను మళ్లీ వెళ్తాను.

నా సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. ఒక ప్రైవేటు కాలేజీలో చరిత్ర చెప్పేదాన్ని. చేరేవాళ్లు లేరని ఒక జూన్ నెలలో మా గ్రూపు ఎత్తేశారు. ఇదేమిటని అడిగినవాళ్లు ఒక్కరు లేరు. ఆ కడుపుమంటతోనే ఒక ముసలి ఫాదర్ గారి దగ్గర లాటిన్ నేర్చుకుని, రోము పుట్టుక నుంచి వాళ్లు రాసుకున్న చరిత్రని తెలుగులో పెట్టడం మొదలుపెట్టాను. ప్రచురణకర్త ఒకాయన నా కాగితాలు తిరగేసి, దీనికన్నా పచ్చళ్ల మీద రాయకూడదా అమ్మా అన్నాడు. పచ్చళ్లు నేను బాగా పెడతాను, అది వేరే విషయం.

ఆ కాగితాల నకలు మా ఊరి ఆసుపత్రిలో పనిచేసే నర్సమ్మ ఒకావిడ తన సొంత ఊరికి, మనూర్ దగ్గరి పల్లెకి పట్టుకెళ్లింది. ఆ ఊళ్లో సుగుణ టీచర్ అని, ప్రాథమిక పాఠశాలలో చెప్పి రిటైరైనావిడ ఉంది. చర్చి పక్కన మిషన్ కాలం నాటి రాతి గది ఒకటి ఖాళీగా ఉంటే, కొన్నేళ్లుగా ఆవిడ అందులో శనివారం శనివారం రోము పాఠం చెబుతోందట. జనవరిలో ఆవిడ నాకు ఫోన్ చేసింది. పంటల పండుగ ఆదివారం నాడు చర్చి కమిటీ కూర్చుని పాఠం బంద్ పెట్టి, గదికి తాళం వేస్తుందట. పెద్ద చదువు చదివిన మనిషి వచ్చి నాలుగు మాటలు చెబితే కమిటీ వింటుందేమోనని ఆశ. "మీ గ్రూపు ఎత్తేసిన్రని నర్సమ్మ చెప్పింది. మాది గూడ ఎత్తేస్తుండ్రు. జర వస్తరా?" అంది. అలా అడిగాక వెళ్లనిదాన్ని ఎలా అవుతాను?

ఖేడ్ బస్టాండు

అక్కడెవరూ నారాయణఖేడ్ అని మొత్తం పేరు పలకరు, ఖేడ్ అంటారు. బస్సు దిగేసరికి ఆకలి దంచేస్తోంది. బస్టాండు ఎదురుగా రేకుల కింద ఒకావిడ జొన్నరొట్టెలు కొడుతోంది. చేతుల మధ్య చరుస్తూ చరుస్తూ చాటంత చేసి పెనం మీద వేస్తుంది. మా వైపు జొన్న అన్నది షుగరొచ్చాక డాక్టరు రాస్తే తినే మందు. ఇక్కడ వేడి రొట్టె మీద పుంటికూర పప్పు వేసి, పక్కన ఉల్లిపాయ చితక్కొట్టి పెట్టింది. పుంటికూర అంటే మన గోంగూరే. రెండు రొట్టెలు తిన్నాక ఇక లేవలేకపోయాను. మొత్తం కలిపి మా ఊళ్లో ఒక ప్లేటు ఇడ్లీకయ్యే ధర.

ఆవిడ తొలి పలకరింపే "ఏడికెల్లి వచ్చినవ్?" అని. వయసులో నాకన్నా చిన్నది. నువ్వు అనేసరికి నాకు చురుక్కుమంది. మా వైపు పాలవాణ్ణి కూడా గారూ అంటాం. అలా గారూ గారూ అంటూనే ఉద్యోగం పీకేస్తారు, ఆ సంగతి నాకు అనుభవమే. ఈవిడ నువ్వు అంటూనే, ఎక్కడ పడుకుంటావు, రాత్రికి ఎవరైనా ఉన్నారా, దిక్కు లేకపోతే మా ఇంటికి రా అంది. పక్కనే ఆగిన ఆటో డ్రైవరుని నేను "డ్రైవరు గారూ" అని పిలిస్తే బెంచీ మీదివాళ్లంతా నవ్వారు. డ్రైవరు మాత్రం చొక్కా సర్దుకున్నాడు.

నాగల్‌గిద్దలో పప్పులో కాలు

మనూర్ వెళ్లే షేర్ ఆటో ఎక్కమని సుగుణ టీచర్ చెప్పింది. నేను అడగకుండా, ఎవరో జరిగి చోటిస్తే ఎక్కి కూర్చున్నాను. ఎంతసేపటికీ మనూర్ రాదు. దిగమన్నచోట దిగి చూస్తే అది నాగల్‌గిద్ద, కర్ణాటక సరిహద్దు పక్కన. పైగా దిగుతుంటే చెప్పు తెగింది. పుణ్యానికి పోతే పాపం ఎదురైందని, రోము కోసం బయల్దేరి చేతిలో చెప్పు పట్టుకుని నిలబడ్డాను.

రోడ్డు పక్కన కళ్లంలో కందికట్టెలు కొడుతున్న ముసలమ్మ నన్ను పిలిచి చాప వేసింది. ఆవిడ మాట సగం కన్నడం, సగం తెలుగు. "ఊట ఆయ్తా?" అంటూ చేత్తో అన్నం తింటున్నట్టు చూపించింది. తిన్నానంటే వినలేదు. పల్లీల కారం, రొట్టె పెట్టి, ఏం పని మీద వచ్చావంది. రోము సంగతి చెప్పాను, రెండువేల ఏళ్ల కిందటి రాజ్యమని, ఇప్పుడు లేదని. అక్కడ కందులు పండుతాయా అని అడిగింది. పండవనుకుంటానన్నాను. అందుకే పోయింది మరి రాజ్యం అని తేల్చేసింది.

మా దగ్గర కొత్తమనిషి కనబడితే ఇంటిపేరడిగి, ఊరడిగి, చుట్టుతిరిగి కులం దగ్గర తేలతారు. ఈవిడ సూటిగా, మీ ఆయన ఒంటరిగా ఎట్ల పంపిండు అని అడిగింది. ఆయన పంపలేదు, నేనే వచ్చానన్నాను. ఆ మాట ఆవిడకి ఎంత నచ్చిందో, ఇంట్లోంచి పురికొస తెచ్చి నా చెప్పు తనే కట్టింది. డబ్బులు ఇవ్వబోతే నా చెయ్యి తోసేసింది. చీకటి పడేలోపు మనూర్ దారిలో పోయే ట్రాక్టరు ఎక్కించి, జాగ్రత్తగా దింపమని నడిపేవాడికి రెండు భాషల్లోనూ చెప్పింది.

రాతి గది

సుగుణ టీచర్ ఇల్లు చర్చి వెనకే. సన్నగా, పొడుగ్గా ఉంటుంది. నా కాగితాల్లో తప్పులు ఎర్రసిరాతో గీసి పెట్టుకుంది, నేను కాళ్లు కడుక్కోకముందే అవి చూపించింది. మూడుచోట్ల ఆవిడే రైటు. నాకు ఒళ్లుమండింది గానీ ఏం చేస్తాం!

మర్నాడు శనివారం మధ్యాహ్నం పాఠం. గదిలో ఇరవైమంది దాకా చేరారు, ఎక్కువమంది ఆడవాళ్లే. కందికోతల నుంచి నేరుగా వచ్చారు, తలగుడ్డలు కూడా విప్పలేదు. చర్చివాళ్లూ ఉన్నారు, కానివాళ్లూ ఉన్నారు. డోలక్ వాయించే నాగమణి అందరికన్నా ముందు కూర్చుంది. కూలిపనికి ముఠా కట్టేది ఆవిడే, చర్చిలో పాట ఎత్తేదీ ఆవిడే. ఆవిడ పక్కన అంజమ్మ, బోరంచ నల్లపోచమ్మకి మొక్కు తీర్చి తిన్నగా వచ్చింది, నుదుటి మీద ఇంత కుంకుమ. అందరికీ కొబ్బరిముక్కలు పంచుతుంటే, చర్చివాళ్లలో కొందరు తిన్నారు, కొందరు పక్కవాళ్లకిచ్చారు. అంతే, దాని మీద ఎవరూ ఏమీ అనుకోలేదు.

సుగుణ టీచర్ పద్ధతి ఒకటుంది. రోము నాయకుడి పేరు ముందు చెప్పదు. వాడేం చేశాడో చెబుతుంది. చేసింది మంచో చెడ్డో గది అంతా తగువులాడుకుని తేల్చాక, అప్పుడు పేరు బోర్డు మీద రాస్తుంది. పేరు ముందే వింటే భయమన్నా పుడుతుంది, భక్తన్నా పుడుతుంది, రెండూ చదువుకి అడ్డమే అని ఆవిడ వాదన. అందుకే నేనూ ఈ కథనంలో రోమువాళ్ల పేర్లు రాయడం లేదు. వాళ్లేమీ నొచ్చుకోరు.

ఆవేళ పాఠం నన్నే చెప్పమంది. రోములో ఏటా ఇద్దరు పాలకులు, ఒకడు కాదంటే రెండోవాడి మాట చెల్లదు. ఈ ముక్క కాలేజీలో పిల్లలకి అర్థమయ్యేలా చెప్పడానికి నేను నానా తంటాలు పడేదాన్ని. ఇక్కడ రత్నం అనే రైతు నేను సగంలో ఉండగానే, సర్పంచు, ఉపసర్పంచు జాయింట్ చెక్ పవర్ అన్నాడు. ఒకడు సంతకం పెట్టకుంటే మోరీ, అంటే మురుగుకాలవ కూడా కట్టలేరని అందరూ తలూపారు. నాగలి దున్నుతున్నవాణ్ణి పిలిచి దేశం చేతిలో పెడితే, యుద్ధం గెలిచి, పదవి వదిలేసి మళ్లీ నాగలి పట్టుకున్నాడని చెప్పాను. ఇంతకాలం ఇది చెప్పినప్పుడల్లా చప్పట్లు కొట్టారు నా పిల్లలు. రత్నం కొట్టలేదు. ఆయన యుద్ధానికి పోయినన్ని దినాలు ఎడ్లకి మేత ఎవరు వేశారని అడిగాడు. పుస్తకంలో లేదన్నాను. పెండ్లాం వేసుంటుంది, అందుకే పుస్తకంలో లేదని నాగమణి అంది.

మాటలతో దేశాన్ని ఊపిన వక్త ఒకాయన్ని చంపి, తలతోపాటు రాసిన చేతిని కూడా నరికి, ఆయన మాట్లాడే వేదిక మీదే మేకులు కొట్టిన సంగతి కూడా చెప్పాను. తల ఎందుకో సమజైంది, చెయ్యి ఎందుకని అంజమ్మ అడిగింది. రాసినందుకని సుగుణ టీచర్ చెప్పింది. అంజమ్మ తన చేతుల వంక చూసుకుంది. ఆవిడ సంతకం నేర్చుకున్నది ఆ గదిలోనే.

చివర్లో, నేను అప్పుడే అనువాదం పూర్తి చేసిన భాగం చదవమన్నారు. రోములో పేదలు యుద్ధాలు చేసి చేసి, ఇంటికొస్తే అప్పుల కింద సంకెళ్లు. పెద్దలు మాటిచ్చి తప్పారు. పేదలు కత్తి ఎత్తలేదు, రాయి విసరలేదు. అందరూ లేచి ఊరొదిలి, దగ్గర్లో ఉన్న గుట్టెక్కి కూర్చున్నారు. చేసేవాడు లేక ఊరు స్తంభించిపోయింది. ఇంతవరకూ చదివానో లేదో, మర్నాటి విందుకి మసాలా నూరాలని, బియ్యం ఏరాలని ఆడవాళ్లు లేచిపోయారు. మిగతాది వచ్చే వారం అన్నారు. వచ్చే వారం ఉంటుందో లేదో అప్పటికి ఎవరికీ తెలియదు. సుగుణ టీచర్ ఆ రాత్రి అన్నం సరిగా తినలేదు.

పంటల పండుగ

ఆదివారం చర్చి కళకళలాడింది. కంది బస్తాలు, గుమ్మడికాయలు, జొన్నకంకుల కట్టలు, కాళ్లు కట్టేసిన కోళ్లు, ఎవరి పంట వాళ్లు తెచ్చి ముందు పెట్టారు. ఆరాధన అయ్యాక వాటిని హర్రాజు వేస్తారు, ఆ తర్వాత విందు. బయట గాడిపొయ్యి తవ్వి ఉంది, మాంసం కడిగి ఉంది. కమిటీ మాత్రం హర్రాజుకి ముందే కూర్చుంది.

కమిటీ పెద్ద దేవదానం. ఎనభై దాటిన మనిషి, చేతికర్ర, తెల్లటి ధోవతి. చెడ్డవాడని రాస్తే అబద్ధమవుతుంది. ఆయన తాత ఆ ఊళ్లో మొదట ప్రభువుని నమ్ముకున్నవాడు, అందుకు దెబ్బలు తిన్నాడు. ఆ గది రాళ్లు మోసింది ఆ తాతే. దేవదానం ఆ సంగతే చెప్పాడు. రోము రాజులు భక్తులని సింహాలకి వేశారు, ప్రభువుని సిలువ వేసింది వాళ్ల సిపాయిలే, అలాంటివాళ్ల కథలు మా తాత మోసిన రాళ్ల కింద చదువుతారా అన్నాడు. అందులో నటన లేదు. పైగా పోచమ్మ కొబ్బరి పంచారట అని కమిటీలో ఇంకొకాయన అందించాడు.

నేను రాత్రంతా తయారుచేసుకున్న ప్రసంగం ఒకటుంది. లేచి గొంతు సవరించుకున్నాను. దేవదానం నన్ను చూసి ఎంతో మర్యాదగా, దూరం నుంచి వచ్చినవ్ బిడ్డా, చాయ్ తాగు, కూసో అన్నాడు. చాయ్ కూడా వచ్చింది. అంత ప్రేమగా నోరు మూయించడం నేనెక్కడా చూడలేదు.

సుగుణ టీచర్ లేచింది. "పెద్దయ్యా, ప్రభువును సంపింది వాళ్లే. ఒప్పుకుంట. తప్పు లేదని తెలిసి గూడ శిక్ష ఏసి, చేతులు కడుక్కున్నడు వాళ్ల అధికారి. గట్లాంటి మనుషులు ఎట్ల తయారైతరో నాకు తెల్సుకోవాల్నని ఉంది. మనల్ని కొట్టినోని గురించి మనకే తెల్వకపోతే, ఇంకెవలికి తెలుస్తది?"

నాకు చప్పట్లు కొట్టాలనిపించింది. కానీ కమిటీ అంతకుముందే తీర్మానించేసుకుందట, మాట్లాడనిచ్చింది మర్యాదకే. ఎనిమిదిమంది, అందరూ మగవాళ్లే. చేతులెత్తారు, అయిపోయింది. ఒకాయన వెళ్లి గదికి తాళం వేశాడు. ఆ శబ్దం లోపలికి వినబడింది. మా కాలేజీలో కూడా ఇంతే, అందరూ నేల చూపులు చూశారు. ఇక్కడా అంతేనని నేను సంచీ సర్దుకోబోయాను.

నాగమణి డోలక్ మెడలో వేసుకుని లేచింది. చర్చి మధ్యలోంచి నడుచుకుంటూ బయటికి పోయింది. ఆవిడ వెనక పాటలు పాడేవాళ్లు లేచారు. వాళ్ల వెనక, మసాలా నూరిన చేతులు కడుక్కోకుండానే, వంట చేసేవాళ్లు లేచారు. రత్నం అటూ ఇటూ చూసి, తను తెచ్చిన గుమ్మడికాయని భుజానికెత్తుకుని మరీ లేచాడు. బయట అంజమ్మ కలిసింది. ఎక్కడికని నేను పరిగెడుతూ అడిగితే నాగమణి వెనక్కి తిరక్కుండానే చెప్పింది. "నిన్న నువ్వే చదివితివి గదక్కా. గుట్ట మీదికి."

గుట్ట మీద

ఊరి పడమట గుట్ట ఒకటుంది, పెద్దదేం కాదు. పురికొస కట్టిన చెప్పుతో ఎక్కేసరికి నాకు దేవుడు కనబడ్డాడు. పైన బండల మీద అందరూ కూర్చున్నారు. ఎండ చురుక్కుమంటోంది. కింద ఊరంతా కనబడుతోంది, చర్చి, గది, గాడిపొయ్యి. నాగమణి పాట ఎత్తింది, పంటల పండుగ పాటే. చర్చిలో పాడాల్సిందంతా అక్కడ పాడారు. వాళ్లు దేవుడి మీద అలగలేదు, కమిటీ మీద అలిగారు.

ఇంతలో కింద నుంచి నల్లటి పొగ లేచింది. మగవాళ్లు వంటకి దిగారు. పచ్చికట్టెలు పెట్టారని అంజమ్మ పొగ చూసి చెప్పింది. ఇంకాసేపటికి మాడువాసన గుట్ట దాకా వచ్చింది. బగార అన్నం అడుగంటిందని ఒకరు, కాదు మాంసమేనని ఒకరు పందెం వేసుకున్నారు. నవ్వారు గానీ, ఆ వాసనకి అందరి కడుపులూ కాలుతున్నాయి. పిల్లలు కింద ఏడుస్తున్నారని ఒకావిడ లేచి నిలబడి, మళ్లీ కూర్చుంది.

మధ్యాహ్నం దాటాక దేవదానం వచ్చాడు. ఒక్కడే, కర్ర పోటు వేసుకుంటూ, మూడుచోట్ల ఆగి ఎక్కాడు. రత్నం దిగి చెయ్యి పట్టుకున్నాడు. పెద్దాయన తిట్టలేదు. ఆయాసం తీరకుండానే వాక్యం ఎత్తుకున్నాడు. సంఘం ఒక్కటే శరీరం, మనమందరం అవయవాలం. కాలు అలిగి పోతే, చెయ్యి అలిగి పోతే శరీరం ఏంగావాలె? శరీరం ఎండితే చెయ్యి బతుకుతుందా? నేను మిమ్మల్ని ఎత్తుకున్న చేతులు ఇవి అని తన చేతులు చాపాడు. అక్కడున్నవాళ్లలో సగంమందికి పేరు పెట్టింది ఆయనే. ఒకరిద్దరు కొంగుతో కళ్లు తుడుచుకున్నారు. ఇందాక పిల్లల కోసం లేచి మళ్లీ కూర్చున్నావిడ ఈసారి నిజంగానే చెప్పులు వేసుకుంది.

నాకు కలిగింది వాళ్లలాగా జాలి కాదు, భయం. నా సంచీలో ఉన్న తర్వాతి పేజీ నాకు తెలుసు. సుగుణ టీచర్ నా మొహం చూసి పసిగట్టింది. మిగిలింది చదవమంది. నేను ఆవిణ్ణి పక్కకి పిలిచి, చదవకపోవడమే మంచిది, ఈ పేజీ ఆయన పక్షాన మాట్లాడుతుంది, చదివామా అందరూ దిగిపోతారని చెవిలో చెప్పాను.

"ఉన్నది ఉన్నట్టు సదువు చెల్లే," అంది ఆవిడ. "దాచి సదివితె వాళ్లకూ మనకూ ఫరకేంది?"

అప్పటిదాకా మేడం అన్న మనిషి చెల్లె అంది. ఇంక చదవకేం చేస్తాను. కాగితాలు తీశాను.

గుట్టెక్కినవాళ్ల దగ్గరికి రోము పెద్దలు ఒక పెద్దమనిషిని పంపారు. ఆయన వచ్చి కథ చెప్పాడు. ఒకప్పుడు శరీరంలో అవయవాలన్నీ కడుపు మీద అలిగాయి. మేం కష్టపడుతుంటే ఇది మధ్యలో కూర్చుని తింటోందని, చెయ్యి ముద్ద ఎత్తనంది, నోరు తెరవనంది, పళ్లు నమలనన్నాయి. కడుపుని మాడ్చుదామనుకుంటే ఒళ్లంతా శుష్కించిపోయింది. కడుపు ఊరికే తినదనీ, తిన్నది రక్తం చేసి అందరికీ పంచుతుందనీ అప్పుడు తెలిసింది.

చదువుతూ నేను దేవదానం వైపు చూడలేదు. చదవడం ఆపాక ఆయనే అడిగాడు, ఇది ఎవరు చెప్పారు, ఎప్పుడని. ప్రభువు పుట్టడానికి దాదాపు అయిదువందల ఏళ్ల ముందు, రోము పెద్దమనిషి ఒకాయనని చెప్పాను. పెద్దాయన కర్ర మీద రెండు చేతులూ ఆనించి కళ్లు మూసుకున్నాడు. సింహాలకి వేసినవాళ్ల పెద్దలు, ఈ గుట్ట మీద తను చెప్పిన మాటే చెప్పారు. ఆ సంగతి ఆయనకి ఎంత గుచ్చుకుందో ఆ మొహం చూస్తే తెలిసింది. నాకు ఆయన మీద జాలేసింది కూడా, ఎందుకు దాచాలి.

నాగమణికి మాత్రం జాలి వేయలేదు. "కడుపు అందరికి పంచుతదట. మంచిదే. పంచుతుందో లేదో సూసెతందుకు కడుపు కాడ మా మనిషెవలున్నరు, పెద్దయ్యా? ఎనిమిదిమందిల ఒక్క ఆడిది లేదు. వండేది మేము, పాడేది మేము, బస్తాలు మోసేది మేము. తాళమేసేటప్పుడు మమ్మల్నెవలన్న అడిగిండ్రా?"

చెప్పులు వేసుకున్నావిడ చెప్పులు విప్పింది.

దేవదానం కళ్లు తెరిచి, సరే, గది విడిచిపెడతాం, పాఠం చెప్పుకోండి, ఇక దిగండి అన్నాడు. గెలిచేశాం కదా! నేను కాగితాలు మడవబోతే సుగుణ టీచర్ నా చెయ్యి పట్టుకుంది. పేజీలో ఇంకా మిగిలింది కదా అంది. మిగిలింది, నిజమే. గది ఈ ఏడు ఇస్తారు, వచ్చే ఏడు ఇంకెవరో తాళం వేస్తారు, అందుకని మిగిలింది కూడా వినాలని చెప్పింది.

చదివాను. కథ విని వాళ్లు మెత్తబడ్డారు. కానీ దిగేముందు ఒక షరతు పెట్టారు. తమవాళ్లలోంచి ఇద్దరుండాలి. పెద్దలు ఏ తీర్మానం చేసినా, ఆ ఇద్దరిలో ఒకరు లేచి వద్దంటే అది అక్కడితో ఆగిపోవాలి. వాళ్ల ఒంటి మీద చెయ్యి వేసినవాడికి శాపం. పెద్దలు ఒప్పుకున్నారు.

గాలి విసురుకి కాగితాలు రెపరెపలాడుతుంటే రత్నం తన గుమ్మడికాయ తెచ్చి వాటి మీద పెట్టాడు. కింద పొగ ఇంకా లేస్తూనే ఉంది. దేవదానం ఊరి వంక చూశాడు, గది వంక చూశాడు, మా అందరి వంకా చూశాడు.

"గా కథల గుట్టెక్కినోళ్లు, మరి దిగిండ్రా?" అని అడిగాడు.

"దిగిండ్రు. ఊకెనే దిగలే," అంది సుగుణ టీచర్.

పెద్దాయన చాలాసేపు గడ్డం నిమురుకున్నాడు. చివరికి, "ఎవలా ఇద్దరు?" అన్నాడు.

"ఇంక ఎన్నుకోలే. నువ్వు కూసో పెద్దయ్యా, జర దమ్ము తీసుకో," అని చెప్పి, సుగుణ టీచర్ బండ మీద ఆయనకి చోటు చూపించి, మా వైపు తిరిగి చేతులెత్తమంది.